అడవితో నేతపనివాళ్ళకు పనేముంది?

(వార్షికోత్సవ సభలో చంద్రపూర్ నుంచి వచ్చిన ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



పర్యావరణం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ పెద్ద మాటతో మాకు అలవాటు లేదు. అడవి గురించి, నీళ్ళ గురించి అంటే చెప్పగలం. మొదట మా సంఘంలోనే ఒక సభ్యుడు అడిగాడు, "అడవితో మనకేం పనండీ, మనం గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకొని కూర్చునేవాళ్ళం గదా" అని. ఆ మాటకు జవాబు వెతుక్కుంటేనే ఇదంతా మాకు తెలిసివచ్చింది.

మార్కండేయ గుడిలో భావనారుషి పటం చూసే ఉంటారు. ఆయన వాహనం పులి. తామర తూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేసిన మూలపురుషుడికి ఎద్దో గుర్రమో కాదు, పులి. చిన్నప్పటి నుంచి దండం పెట్టుకుంటున్నాం గాని పులి ఎందుకుందని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు చంద్రపూర్‌లో ఉంటూ అడక్క తప్పడం లేదు. 2014లో మహారాష్ట్రలో 190 పులులని లెక్క. 2018లో 312 అయినయి. 2022లో 444. అందులో పెద్ద వాటా మా జిల్లాదే. తాడోబా 1955లోనే నేషనల్ పార్కు అయింది. 1995లో అంధారితో కలిపి పులుల అభయారణ్యం చేశారు. కాని పులికి గీత తెలియదు గదా. పొలాల్లోకి, బొగ్గు గనుల పక్కన తుప్పల్లోకి, థర్మల్ స్టేషన్ ఆవరణలోకి కూడా వస్తుంది.

మా సంఘంలో టసర్ పట్టు నేస్తాం. మన పాతవాళ్ళు దసలి అనేవారు, ఇక్కడి మరాఠీవాళ్ళు కోసా అంటారు. మల్బరీ పట్టుపురుగు ఇంట్లో తట్టల మీద పెరుగుతుంది. దసలి పురుగు అట్లా కాదు, అడవిలో నిలబడ్డ చెట్టు మీదే బతకాలి. నల్లమద్ది ఆకు, తెల్లమద్ది ఆకు దాని తిండి. నల్లమద్దిని ఇక్కడ ఐన్ అంటారు. దాని బెరడు మొసలి వీపు లాగా పలకలు పలకలుగా ఉంటుంది. ఎండాకాలం మానులో నీళ్ళు దాచుకుంటుంది. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి, వేలంత లావై, కొమ్మకు ముందు ఒక ఉంగరం లాంటి ముడి వేసి, దానికి కాడ కట్టి, ఆ కాడకు గూడు అల్లుకుంటుంది. ఎంత గాలి వీచినా కాయ రాలదు. మనం పడుగు కట్టేటప్పుడు వేసే ముడి ఎంత గట్టిదో గాని, ఈ పురుగు వేసే ముడి ముందు ఎందుకూ పనికిరాదు.

వానలు పడ్డాక పురుగుల్ని చెట్లెక్కిస్తారు. అప్పటి నుంచి కాయ కట్టేదాకా నెల పైన కాపలా. కాకి, పిట్ట, చీమ, కందిరీగ అన్నిటికీ ఆ పురుగు మీదే కన్ను. చీకటితో వెళ్ళి, వడిసెల పట్టుకొని, చెట్ల కింద పొద్దుగూకేదాకా తిరగాలి. ఈ సంగతి మేము చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. మాకు తెలిసింది కాయ ధర ఒక్కటే. వెయ్యి కాయలకు యాభై రూపాయలు తగ్గించగలిగితే ఆ రోజు మేము గొప్ప కార్యదర్శులం.

ఒక ఏడు సావలి వైపు నుంచి కాయ రాలేదు. దసరా చీరలకు నూలు లేక మగ్గాలు ఆగిపోయాయి. మావాళ్ళు కోపంతో, "అడ్వాన్సు తిని ముఖం చాటేశాడు" అన్నారు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఆ ఇంట్లో పెద్దన్న వేసవిలో ఇప్పపువ్వు ఏరుతుంటే పులి చంపిందట. వంగి పువ్వు ఏరే మనిషి పులికి మనిషిలా కనబడడని అంటారు. తమ్ముడు ఆ ఏడు ఒంటరిగా మద్దిచెట్ల కిందికి పోలేనని పురుగుల్ని ఎక్కించలేదు. ఆ తల్లి మాకు చాయ్ పోసింది. బాకీ సంగతి మేము అడగలేదు, ఆమే ఎత్తింది, తీరుస్తామని. తిరుగు బస్సులో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

తరువాత కమిటీలో పెట్టాం. కాపలాకు ఒక్కడు కాదు ఇద్దరు పోవాలి, రెండో మనిషి కూలీ సంఘం ముందుగా ఇవ్వాలి అని. గొడవ అయింది. "చీర ధర పెరిగితే ఎవడు కొంటాడు? పవర్‌లూమ్ మీద నకిలీ టసర్ మూడో వంతుకు దొరుకుతుంది" అన్నారు. అన్నవాళ్ళు తప్పు అనలేదు. అయినా చేతులెత్తిస్తే ప్రస్తావన ఒక ఓటు తేడాతో గెలిచింది. మొదటి పంటకు పురుగులకు రోగం తగిలి డబ్బు పోయింది. మా మీద ఎన్ని మాటలు పడ్డాయో ఇక్కడ చెప్పం. రెండో పంట వచ్చింది. ఇప్పటికీ ఇద్దరి కూలీ ఇస్తున్నాం.

ఇంకో తప్పు మాది. కాయ ఉడకబెట్టడానికి పొయ్యిలో కట్టెలు. ఆ కట్టెలు ఎక్కడివి? ఆడవాళ్ళు నెత్తిన మోపు పెట్టుకొని అమ్మేవి. చవక. ఆ మోపు కోసం ఆమె వెళ్ళేది ఆ పులి తిరిగే అడవికే, నరికేది అడ్డొచ్చిన ప్రతి కొమ్మనూ. అంటే మన దారం పుట్టే చెట్టునే మన పొయ్యిలో పెట్టుకుంటున్నాం. గ్యాసుకు మారాం. మారిన వారం ఆ అక్కలు వచ్చి నిలదీశారు, "మా పొట్ట కొట్టారు" అని. ఇద్దరికి కండెలు చుట్టే పని ఇచ్చాం. మిగతావాళ్ళకు ఇవ్వలేకపోయాం. ఇది మంచి కథగా చెప్పుకోవడానికి మాకు మనసొప్పదు.

మా జిల్లాలోనే గోండ్‌పిప్రి తాలూకాలో పాచ్‌గావ్ అని చిన్న ఊరుంది. 2012లో వాళ్ళకు అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. వెయ్యి హెక్టార్ల పైన అడవి. వాళ్ళు వెదురు తామే కొట్టి తామే అమ్ముకుంటారు. తునికాకు మాత్రం కోయడం మానేశారు. చిగురాకు కోసం కొమ్మలు నరకాలి, నిప్పు పెట్టాలి, అందుకని. తునికాకు అంటే ఆ ప్రాంతంలో చేతికి వచ్చే నగదు. దాన్ని వదులుకోవడం మాటలు కాదు. నేల మీది నిప్పులో మద్ది మొక్క కూడా మాడిపోతుందని మాకు అక్కడి సంగతి విన్నాకే తట్టింది.

ఇక నీళ్ళు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాల లెక్క తీస్తే దేశంలో చంద్రపూర్ నాలుగోది. బొగ్గు, 2,920 మెగావాట్ల థర్మల్, బూడిద. వాళ్ళను తిట్టడం మాకూ వచ్చు. కాని మా అద్దకం గాబు నీళ్ళు ఎక్కడికి పోయాయి? మోరీలోకి. మోరీ ఝర్పట్‌లోకి, మహాకాళి గుడి పక్క నుంచి. ఝర్పట్ ఇరయీలో, ఇరయీ వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 పుష్కరాలకు మనవాళ్ళు ఎంతమంది వెళ్ళి మునిగారు! మా రంగునీళ్ళు మా కంటే ముందే పోయి ఉంటాయి.

ఇప్పుడు పెరట్లో రెండు గుంతలు తవ్వాం. మొదటి దాంట్లో నీళ్ళు నిలిచి మడ్డి అడుగుకు దిగుతుంది. రెండో దాంట్లో కంకర, ఇసుక, బొగ్గు పొరలు. రంగు పూర్తిగా పోదు, తేటపడుతుంది. తిండిచెట్లకు ఆ నీళ్ళు పెట్టం. ఇంకొకటి, ముదురు రంగు అద్దాక గాబు పారబోయకుండా, మిగిలిన నీళ్ళలోనే లేత రంగు నూలు ముంచుతాం. నీళ్ళూ మిగిలాయి, రంగు ఖర్చూ తగ్గింది. ఇది మా నాయనలకు తెలిసిన పనే, పౌడరు రంగులు చవకయ్యాక మరిచిపోయాం.

హోలీ ముందు మోదుగ పువ్వు కూడా వాడుతున్నాం, రాలిన పువ్వే, చెట్టు దులపకుండా. పటిక వేస్తే మంచి పసుపు వస్తుంది. ఎండకు వెలుస్తుంది, అది కూడా కొనేవాళ్ళకు ముందే చెప్తాం. చెప్పకుండా అమ్మితే ఒక్క చీర పోతుంది, రెండోసారి మనిషి రాడు.

గుంతలు చూడాలనుకునే సంఘాలు ముందుగా కబురు పెట్టి చంద్రపూర్ రావచ్చు. కొలతలు రాసి ఉంచాం, ఇస్తాం. ఆదివారం ఎవరూ ఉండరు. వానాకాలం మొదట్లో వస్తే సావలి తీసుకెళ్ళి చెట్ల మీది పురుగుల్ని కూడా చూపిస్తాం, పొద్దుండగానే తిరిగి రావాలి మరి.