రెండో సూది లెక్క ఎవరు చెప్తరు?

(గొర్ల కాపరులు, విద్యార్థులు, ఉద్యోగులు కూడిన సదస్సులో పశువైద్య సిబ్బంది పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మేం పశువుల దవాఖానలో పనిచేసేటోళ్ళం. మందల వెంట తిరిగి సూదులు వేసేటోళ్ళం. ఇయ్యాల గొప్పలు చెప్పుకోవడానికి రాలేదు. ఒక తప్పు ఒప్పుకోవడానికి, ఒక లెక్క అడగడానికి వచ్చినం.

తొలకరి పడుతది. పది రోజులకు పచ్చిగడ్డి లేస్తది. ఎండాకాలమంతా డొక్కలెండిన మంద కడుపునిండా మేస్తది. తెల్లారి దొడ్డి తడక తీస్తే, మందలో అందరికంటే బలంగున్న పిల్ల కాళ్ళు చాపి పడి ఉంటది. రాత్రి తల్లి పాలు తాగిన పిల్లనే. కొందరు పాము కరిచిందంటరు, కొందరు దిష్టి అంటరు. తెలిసిన కాపరి మాత్రం ఒకటే మాట అంటడు: చిటుక రోగం.

ఈ రోగం ఎక్కడినుంచో రాదు. దీనికి కారణమైన క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా మంచిగున్న గొర్రె పేగుల్లో కూడా ఉంటది. మేత ఒక్కసారిగా మారినప్పుడు, లేత గడ్డో గింజలో ఎక్కువ తిన్నప్పుడు అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి దిగుతది. బాక్టీరియాకు అది పండుగ. వేలు లక్షలవుతయి, విషం కక్కుతయి. ఎప్సిలాన్ టాక్సిన్ అనే ఆ విషం నెత్తుట్లో కలిసి మెదడును, మూత్రపిండాలను కొడ్తది. గంటల్లో అంతా అయిపోతది. రోగం కనబడ్డంక మందు తేవడానికి టైం ఉండదు. అందుకే చిటుక రోగానికి మందు కంటే ముందు టీకా కావాలె.

విద్యార్థులు ఈ టీకా తయారీ తెలుసుకోవాలె. గాలి తగలని పాత్రల్లో బాక్టీరియాను పెంచుతరు. అది విషం వదులుతది. ఆ విషాన్ని ఫార్మాలిన్‌తో చంపుతరు. విషం కోరలు ఊడుతయి గని ఆకారం మిగులుతది. దాన్నే టాక్సాయిడ్ అంటరు. పటిక జాతి మందు కలిపి సూదిగా ఇస్తే గొర్రె ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపట్టి విరుగుడు తయారు చేసుకుంటది. టీకా పనిచేస్తదా లేదా అని కుందేళ్ళకు వేసి, వాటి నెత్తుట్లో విరుగుడు ఎంతున్నదో కొలిచినంకనే సీసా బయటికొస్తది.

ఈ పనిలో మన హైదరాబాద్‌కు చోటున్నది. శాంతినగర్‌లో సర్కారు టీకాల తయారీ సంస్థ ఉన్నది. 2010లో గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసిన్రు. విషం తయారుచేసే జన్యువును వేరే బాక్టీరియాలో పెట్టి టాక్సాయిడ్ తీసిన్రు. గొర్ల మశూచి టీకాతో కలిపి, ఒకే సూదితో రెండు రోగాలను ఆపొచ్చా అని పరీక్షించి ఫలితాలు ప్రచురించిన్రు. అంటే తెలివి మన దగ్గర కరువు లేదు. మరి గొర్రెపిల్ల ఎందుకు చస్తున్నది?

ఇక్కడే మా తప్పు ఒప్పుకుంటున్నం. చచ్చిన విషంతో చేసిన టీకా ఒక్క సూదితో నిలబడదు. మొదటిసారి వేసుకునే జీవానికి రెండు మూడు వారాలకు రెండో సూది పడాలె. మొదటిది ఒంటికి శత్రువును పరిచయం చేస్తది, రెండోది బలం పెంచుతది. ఆ తర్వాత ఏటేటా వానలకు ముందు మళ్ళ వేయాలె. కొత్త మాట కాదిది. 1881లో పారిస్ దగ్గర పూయి-ల-ఫోర్‌లో లూయీ పాశ్చర్ దొమ్మ రోగం టీకాను జనం ముందు పరీక్షించినప్పుడు కూడా మే 5న ఒక సూది, మే 17న రెండో సూది వేసిండు. మే 31న అన్నింటికీ రోగం ఎక్కించిండు. జూన్ 2 నాటికి టీకా పడని 24 గొర్లు, ఒక మేక చచ్చినయి. టీకా పడ్డయి నిలబడ్డయి.

మనం ఏం చేసినం? ఒక ఊర్లో మేమే మొదటి సూది వేసినం. ఫొటో దిగినం, రిజిస్టర్ నింపినం, లెక్క పైకి పంపినం. రెండో సూది నాటికి సీసాలు రాలేదు. వచ్చేసరికి వానలు పడ్డయి, మంద వేరే ఊరి మీదికి పోయింది. నెల తర్వాత ఒక పెద్దాయన ఫోన్ చేసి, "సారూ, మీరు సూది ఏసిన పిల్లలే పోయినయి. ఇగ సూది ఎందుకేసుకోవాలె?" అని అడిగిండు. జవాబు మా దగ్గర లేదు. సగం టీకా వేస్తే పోయేది పిల్ల ఒక్కటే కాదు, టీకా మీద నమ్మకం కూడా.

2017లో గొర్ల పంపిణీ మొదలైనప్పుడు 21 జీవాల యూనిట్ 1,25,000 రూపాయలు. అందులో లబ్ధిదారు వాటా 31,250. ఎందరో అప్పు తెచ్చి కట్టిన్రు. 2019 పశుగణనలో తెలంగాణ గొర్ల సంఖ్య కోటి 90 లక్షలు దాటింది, దేశంలో మొదటి స్థానం వచ్చింది. జీవాలను లెక్కబెట్టినం, మంచిదే. రెండో సూది పడ్డ జీవాలెన్ని? ఆ లెక్క ఏ ఊర్లో, ఏ గోడ మీద రాసున్నది?

ఇంకో మాట, మేకల గురించి. ఈ టీకాను ఎక్కువగా గొర్లను చూసుకొని తయారు చేసిన్రు. మేక ఒంట్లో విరుగుడు తక్కువ పుడుతది, తొందరగా తగ్గుతది. ఏడాదికి ఒక్కసారి సరిపోకపోవచ్చు. మేక ఎవరి జీవం? భూమి లేనోళ్ళది, ఒంటరి ఆడోళ్ళది. పరిశోధనకు పోయే విద్యార్థులారా, మేకకు నిలబడే టీకా మీ చేతుల్లోంచి రావాలె.

కాపరులకు మా మనవి. వానలకు ముందే రెండు సూదులు పూర్తి చేయించుకోండ్రి. ఈనేదానికి నెల ముందు తల్లికి సూది వేయిస్తే ముర్రుపాలతో పిల్లకు రక్ష దొరుకుతది. టీకా సీసా చల్లటి పెట్టెలో వచ్చిందా అని మమ్ముల నిలబెట్టి అడగండ్రి. ఎండకు పెట్టొద్దు, గడ్డ కట్టనియ్యొద్దు. పచ్చిగడ్డి మీదికి మందను ఒక్కసారే తోలొద్దు. ఉన్నట్టుండి చచ్చిన జీవాన్ని కోయొద్దు, అది దొమ్మ కావచ్చు, మనిషికీ అంటుకుంటది. ముందు మాకు కబురు చేయండ్రి.

నీళ్ళు, నిధులు, నియామకాల లెక్క అడగడం నేర్చుకున్న గడ్డ ఇది. ఖాళీగున్న పశువైద్య పోస్టుల లెక్క, చల్లటి పెట్టెల లెక్క, రెండో సూది లెక్క కూడా అడుగుదాం. రేపు మీ ఊరికి మేం మొదటి సూదితో వస్తం. రెండోదానికి ఎప్పుడొస్తరో తారీఖు రాయించుకున్నంకనే మమ్ముల ఊరు దాటనియ్యండ్రి.