గర్భసంచి తీస్తే మెదడుకేం సంబంధం?

(కొలకలూరులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెనాలి నుంచి వస్తుంటే బస్సులో ఒక పెద్దామె అడిగింది, "హార్మోన్ల గురించి చెప్పడానికి డాక్టరమ్మ కావాలి గానీ, సమాజశాస్త్రం చదివిన నువ్వెందుకమ్మా?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ మన ఒంట్లోంచి ఏ అవయవం తీసేయాలో, మన బాధల్లో ఏది జబ్బో ఏది వేషమో తేల్చేది వైద్యశాస్త్రం ఒక్కటే కాదు. డబ్బు, కులం, మగవాళ్ళ పెత్తనం కూడా తేలుస్తున్నాయి. అందుకే ఇది నా విషయం కూడా.

మా పిన్ని సంగతి చెప్తాను. అప్పటికామెకు 34 ఏళ్ళు. నాట్లకు పోయే మనిషి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని ఒక నర్సింగ్ హోంకి వెళ్ళింది. "పిల్లలు పుట్టారుగా, ఇక ఆ సంచితో పనేముంది? ఉంచితే క్యాన్సరొస్తుంది" అన్నారు. వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించారు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని ఆమెకెవరూ చెప్పలేదు. మూడు నెలలు తిరక్కుండానే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు, మతిమరుపు. ఇంట్లో "పని తప్పించుకోడానికి వేషాలు" అన్నారు. మళ్ళీ అక్కడికే వెళ్తే "అంతా నీ మనసులోనే ఉందమ్మా" అని పంపేశారు.

అసలు మనసులో ఏం జరిగిందో చూద్దాం. మెదడులో ఒక కణానికీ మరో కణానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పక్కింటికి గోడ మీంచి కబురందించినట్టు, ఒక కణం కాస్త రసాయనాన్ని ఆ సందులోకి వదిలితే రెండోది అందుకుంటుంది. సెరటోనిన్, డోపమిన్, గాబా ఇలాంటివే. మన నిద్ర, ఉత్సాహం, దిగులు, జ్ఞాపకం ఈ కబుర్ల మీద ఆధారపడతాయి. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ రక్తం ద్వారా మెదడుకూ చేరుతుంది. సెరటోనిన్ తయారీకి తోడ్పడుతుంది, తయారైనది త్వరగా విరిగిపోకుండా చూస్తుంది, దాన్ని అందుకునే చోట్లను కూడా మారుస్తుంది. 1990లో అమెరికాలో కేథరిన్ వూలీ, బ్రూస్ మెకీవెన్ బృందం ఆడ ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి సంబంధించిన భాగాన్ని పరిశీలించింది. నాలుగైదు రోజుల ఋతుచక్రంలోనే, కబురందుకునే చిన్న మొగ్గలు పెరిగి తగ్గుతున్నాయని చూపించింది.

ప్రొజెస్టరోన్ నుంచి తయారయ్యే ఇంకో పదార్థం గాబాకు బలమిచ్చి ఆందోళన తగ్గిస్తుంది. కాన్పు కాగానే ఇవన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. కొందరు బాలింతలకు వచ్చే తీవ్రమైన దిగులుకు ఇదొక కారణం. మనవాళ్ళు గాలి సోకిందంటారు. ఆ పదార్థాన్నే ఆ దిగులుకు మందుగా 2019లో అమెరికాలో అనుమతించారు.

నెలసరి సహజంగా ఆగేటప్పుడు ఈస్ట్రోజన్ కొన్నేళ్ళ పాటు హెచ్చుతగ్గులవుతూ తగ్గుతుంది. అండాశయాలు కోసేస్తే కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. నెలసరి ఆగకముందే అండాశయాలు తీయించుకున్నవారిలో, ముసలితనంలో మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతోందని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. పిన్ని దిగులులో అప్పూ ఉంది, ఇంట్లో మాటలూ ఉన్నాయి. కానీ ఆమెది వేషం కాదు.

ఇదంతా విని "చూశారా, ఆడవాళ్ళ బుద్ధి హార్మోన్ల చేతిలో ఉంటుంది" అనేవాళ్ళు తయారవుతారు. మగవాళ్ళ మెదడులోనూ టెస్టోస్టిరోన్ కొంత ఈస్ట్రోజన్‌గా మారే పనిచేస్తుందని వాళ్ళకు చెప్పండి. మగవాడి కోపం పౌరుషమట, మన కోపం హార్మోన్లట! మనం నోరెత్తితే హార్మోన్లంటారు. ఆ హార్మోన్లు తయారుచేసే అవయవాన్ని తీసేసి, మనం బాధపడితే మాత్రం హార్మోన్ల ఊసే ఎత్తరు.

ఇది పిన్ని ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అనవసరపు ఆపరేషన్ల మీద వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ఊళ్ళలోకి రావాలంటే మనం అడగాలి.

ఆపరేషన్ చేయించుకోమంటే: మందులతో తగ్గదా? ఇంకో డాక్టరుకు చూపించామా? గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడా తీస్తారా, ఎందుకు? మన భాషలో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయొద్దు. ఇప్పటికే చిన్న వయసులో అండాశయాలు తీయించుకున్నవాళ్ళు హార్మోను మందులు తమకు సరిపడతాయేమో డాక్టరును తప్పక అడగాలి. క్యాన్సర్ లాంటి కారణాల వల్ల కొందరికవి పనికిరావు.

పిన్నికి అసలు విషయం తెలిసింది పదకొండేళ్ళ తర్వాత, ట్రంకుపెట్టెలోని డిశ్చార్జి కాగితం నేను చదివి చెప్పినప్పుడు. "అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అంది. మన సంఘాల్లో ఇలాంటి కాగితాలు చాలామంది దగ్గర ఉంటాయి. వచ్చే సమావేశానికి అవి తెచ్చుకోండి, కలిసి చదువుదాం.