ఇంటి కరణములైన బడిపిల్లలు



తూర్పున తాడేపల్లిగూడెము, పడమట ఏలూరు, దక్షిణమున కొల్లేటి లంకలు, నడుమ మన భీమడోలు. ఈ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలలలో చదువుకొను పిల్లలను గుఱించి నేడు కొంత ప్రసంగింపదలచితిని. బడి యనగానే గోడలు, బల్లలు, మధ్యాహ్నభోజనము జ్ఞప్తికి వచ్చును. అవియు ముఖ్యములే. కాని నేను చెప్పబోవునది పుస్తకముల సంచిలో కనబడని వస్తువును గుఱించి. బడి విడిచి ఇల్లు చేరినది మొదలు పిల్లవాని చేతిలో నుండు ఫోనును గుఱించి.

పూర్వము పల్లెలలో చదువను వ్రాయను నేర్చినవారు కొలదిమందియే. కరణము చదివి చెప్పినదే దస్తావేజు. ఆయన చూపినచోట వ్రేలిముద్ర వేయుటయే తక్కినవారి పని. 1984లో ఆ ఉద్యోగము రద్దయినది. దానితో ఆ కాలము గడచినదని మన మనుకొంటిమి. గడవలేదు, కరణము మాఱినాడు, అంతే. మీరు భారత భాగవతములు చదువగలవారు, పత్రిక చూడనిదే తెల్లవారనివారు. అయినను ఫోను తెఱమీదికి వచ్చునది తెలుగు కాదు. ఆంగ్లపు ముక్కలు, పొట్టియక్షరములు, రంగు గుర్తులు. అందుచేత ‘ఇదేమిటో చూడరా’ యని మనుమని పిలుతురు. వాడు చూచును, చదువును, ఒక్కొక్కప్పుడు చదువకయే నొక్కును. బ్యాంకునుండి వచ్చిన అంకెలను చదివి చెప్పువాడు వాడే. చేపలచెఱువునకు మేత తెచ్చిన బాకీ తీర్చవలసినప్పుడు తండ్రి ఫోను పట్టుకొని అంకెలు నొక్కువాడును వాడే. తొమ్మిదేండ్ల పసివాని నెత్తిన మనము కరణీకము పెట్టితిమి. పాతకరణమునకు వయస్సున్నది, అనుభవ మున్నది, పైన అడుగు తహశీలుదారు ఉన్నాడు. వీనికి ఎవ్వరున్నారు?

ఇది ఒక్కనాడు వచ్చినది కాదు. 2016 తరువాత ఫోనులో అంతర్జాలము మిక్కిలి చౌక యయ్యెను. 2020 మార్చిలో కోవిడు వ్యాధివలన బడులు మూతపడెను. ఐదవ తరగతి లోపు పిల్లలు మన రాష్ట్రమున 2021 ఫిబ్రవరి 1వ తేదీకి గాని తరగతి గదులకు తిరిగి రాలేదు. ఆ వేసవిలో మరల మూతపడిన బడులు ఆగస్టు 16న తెఱచిరి. ఆ నడుమ పాఠము ఫోనులోనే వచ్చినది గనుక పిల్లవానికి ఫోను ఇచ్చుట తప్పు గాక ధర్మమైనది. తరువాత బడులు తెఱచిరి. ఫోను మాత్రము వెనుకకు పుచ్చుకొన్నవా రరుదు. నేటికిని ఇంటిపని వాట్సాపు గుంపులోనే వచ్చుచున్న ఊళ్లు కలవు. ఇందు ఉపాధ్యాయులను నిందింప బనిలేదు. వారికి చేరువైన దారి అదియే.

ఒక నాలుగవ తరగతి గదిలో నిలిచి ఈ ప్రశ్న లడిగి చూడుడు. ‘మీలో సొంత ఫోను గలవా రెవరు?’ చేతులు లేవవు. ‘ఇంటిలో ఎవరి ఫోను చూతురు?’ నాన్నది, అన్నది, మామ్మది యని గది యంతయు ఒక్కమాఱు మాటలాడును. ‘నాన్న పిన్ను ఎవరికి తెలియును?’ ఈమాఱు చేతులు గర్వముతో లేచును. ఆ గర్వమును జూచి నవ్వుకొని ఊరకుండరాదు. పిల్లలకు ఫోను లేదు గాన ప్రమాదము లేదని తలచువారికి ఇదియే సమాధానము. సొంత ఫోను గల పిల్లవానికంటె తండ్రి ఫోను పట్టిన పిల్లవాడు ఎక్కువ సొమ్మునకు, ఎక్కువ రహస్యములకు వాకిట కావలి కూర్చున్నాడు.

మోసము నడచు తీరు మీరెఱుగుట మంచిది. పిల్లవాడు ఆడు ఆట ఉచితమే. దానిలో వీరునికి కత్తి కావలయునన్న, క్రొత్త దుస్తులు కావలయునన్న సొమ్ము పెట్టవలయును. అప్పుడు ఆటలోనే పరిచయమైన ఎవడో ‘నీకు వజ్రములు ఊరకనే ఇప్పించెదను, మీ ఫోనునకు ఆఱంకెలు వచ్చును, అవి చెప్పుము’ అనును. వాడు చెప్పును. ఆ ఆఱంకెలు వజ్రములకు గాదు, తండ్రి ఖాతాకు తాళపుచెవి. మఱియొకటి: ప్రభుత్వపథకము పేరిటనో, పెండ్లిశుభలేఖ పేరిటనో ఒక ఫైలు వచ్చును. దానిని తెఱచి ‘సరే’ యని నొక్కినచో ఫోనులోనికి ఒక దొంగ చేరి, బ్యాంకు పంపు అంకెలను మనకంటె ముందే చదువుకొనును. ఇంకొకటి: ‘మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ను నొక్కుడు’ అందురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కఱలేదు, ఇచ్చుటకే కావలయును. ఈ ఒక్క విషయము ఇంటిలో అందఱును ఎఱిగియున్న, దొంగల పని చాలవఱకు చెడును. సొమ్ము పణముగా నొడ్డి ఆడెడి ఆటలను మన రాష్ట్రము 2020లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి శాసనము చేసినది. కాని చిన్నబడి పిల్లవాడు ఆడునది జూదము గాదు, బొమ్మల ఆట. దొంగ అక్కడనే కాచుకొనియున్నాడు.

సొమ్ము పోయిన సంపాదించుకొనవచ్చును. అంతకంటె కష్టమైనది వేఱొకటి కలదు. దానిని చెప్పుటకు ముందు రేడియోను గుఱించి ఒక మాట.

విజయవాడలో రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన నెలకొన్నది. అంతకు ముందే మద్రాసు కేంద్రమునుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు కార్యక్రమములు నడపిరి. తెలుగు పిల్లలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలిచిరి. అదియు తెలియనివారి గొంతు ఇంటిలోనికి వచ్చుటయే గదా! అయితే ఆ గొంతు ఎవరిదో లోకమంతయు ఎఱుగును. తాత, మనుమడు ఒక్క పెట్టెముందర కూర్చుండి ఒక్క మాటయే వినిరి. తగనిమాట వినబడినచో పెద్దలు అప్పుడే కాదనగలరు. ఫోనులోని గొంతు ఒక్క పిల్లవాని చెవికే వినబడును. అది చెప్పుటయే గాక అడుగును. ‘నీ పేరేమి, మీ అమ్మ ఏ వేళకు పనికి పోవును, నీ ఫోటో ఒకటి పంపుము’ అని అడిగి, వచ్చిన జవాబును దాచుకొనును. పండ్రెండేండ్ల బాలికనని చెప్పుకొన్నది నలువదియేండ్ల పురుషుడు కావచ్చును. భీమడోలు స్టేషను దగ్గఱ ఎవడైన దారిని పోవువాడు ఇవే ప్రశ్నలు వేసిన మన పిల్లలు జవాబు చెప్పక పరుగెత్తుదురు. ఆ తెలివి వారికి లేకపోలేదు. తెఱముందర అది మేలుకొనుట లేదు.

మేలుకొల్పుటకు కొల్లేటి ఒడ్డున దూరపు ఉపమానము లక్కఱలేదు. గుఱ్ఱపుడెక్క దట్టముగా పఱచుకొన్నచోట నీరు పచ్చని చేనువలె నుండును. దానిమీద కాలు పెట్టరాదని లంకగ్రామముల పిల్లలు బడికి రాకమునుపే ఎఱుగుదురు. పుస్తకము చదివి ఎఱిగినది కాదు. తండ్రి దోనెలో కూర్చుండబెట్టుకొని పోవుచు, గడకఱ్ఱ దింపి లోతు చూపించెను గనుక ఎఱుగుదురు. ఫోనులో గడ దింపి చూపిన పెద్ద యెవరు? ఇచ్చి దూరముగా పోవుట, లేదా లాగికొని దాచుట, ఈ రెండే మనము చేయుచున్నాము. ప్రక్కన కూర్చుండుట తక్కువ.

తరగతిలో ఉపాధ్యాయులు చేయదగిన పనియు కలదు. అది కష్టమైనది గాదు. పిల్లలచేత చీటీలు వ్రాయించి రెండు గంపలలో వేయింపవచ్చును. ఒక గంప ఎవరికైనను చెప్పదగినవానికి, రెండవది ఇంటివారికే చెప్పదగినవానికి. ‘నాకు మామిడిపండు ఇష్టము’ అను చీటీ ఏ గంపలోనిదో వివాదముండదు. ‘మా అమ్మ రొయ్యల షెడ్డునకు పోవు వేళ’, ‘నాన్న పిన్ను’ అనునవియు తేలికగానే తేలును. ‘మా బడి పేరు’ అను చీటీ వచ్చినప్పుడు తగవు పుట్టును. బడి పేరు బోర్డుమీదనే యున్నదని ఒకడు, యూనిఫారముతోనున్న ఫోటో క్రింద పేరు, ఊరు, బడి కలిపి పెట్టిన ఎవడైనను వెదకికొని రాగలడని మఱియొకతె. ఆ తగవే పాఠము. అరగంటలో నేర్చునంత నెలదినముల ఉపదేశమువలన నేర్వరు.

ఇచ్చట పెద్దలను గుఱించి ఒక మాట చెప్పక తీఱదు. పుట్టినరోజునకు, ఓణీల వేడుకకు పిల్లల నిలువెత్తు బొమ్మలతో ఫ్లెక్సీలు కట్టి, దాని ఫోటో తీసి అన్ని గుంపులకును పంపుచున్నాము. పేరు, ఊరు, పుట్టినతేదీ అన్నియు అందే యుండును. పిల్లవానిని ‘ఎవరికిని వివరములు చెప్పకుము’ అని గద్దించునది మనమే.

ఇక కష్టమైన విషయము. పిల్లలను చెఱుపదలచినవాడు మొదట పొగడును. తరువాత రహస్యము చెప్పి, రహస్యము అడుగును. ఒక ఫోటో పుచ్చుకొనును. ఆ ఫోటో చేజిక్కిన పిమ్మట వాడు పలుకు మొదటిమాట ఏమందురు? ‘ఇంకొకటి పంపకపోయిన మీ నాన్నకు చూపింతును’ అని. ఈ మాట నిదానించి చూడుడు. వాడు ఎన్నివందల మైళ్ల దూరమున నున్నాడో. వాని చేత కత్తి లేదు, కఱ్ఱ లేదు. వాడు పట్టిన ఆయుధము మన కోపము. తండ్రి కొట్టునను భయము ఆ ఇంటిలో లేనిచో వాని బెదరింపు మొదటిదినముననే తేలిపోవును. పిల్ల వచ్చి చెప్పును, పని ముగియును. భయ మున్నచో రెండవ ఫోటో, మూడవ ఫోటో.

కావున పిల్లవాడో, పిల్లయో వచ్చి ‘తాతా, ఇట్లయినది’ అని చెప్పిన గడియలో మనము చేయునదే అంతయు. ఆ గడియలో మొదటి చెంపదెబ్బ పడినదా, ఆ పిల్లయే గాదు, విన్న తోడిపిల్ల లందఱును ఇక నోరు తెఱవరు. తరగతిలో వార్త ఎంత వేగముగా ప్రాకునో మీరెఱుగుదురు. ఫోను నేలకు గొట్టుటయు తగదు. అందున్న మాటలే సాక్ష్యము. వానిని చెఱుపరాదు. అట్లని సాక్ష్యమను పేర పిల్లల అసభ్యచిత్రములను నలుగురికి పంపుటయు రాదు. అదియు చట్టప్రకారము నేరమే. ఆడపిల్లయైనచో బడి మాన్పించుట కొన్ని ఇండ్ల ఆచారము. నేరము చేసినవాడొకడు, శిక్ష పొందినది మఱియొకతె. దీనిని న్యాయమని రచ్చబండ మీద ఎట్లు సమర్థింతుము?

రచ్చబండ యన్నాను గనుక ఇదియు వినుడు. మనలో పరువు పేరిట నలుగురు పెద్దమనుష్యులు కూర్చుండి కప్పిపుచ్చు అలవాటు కలదు. పొలముగట్టు తగవులో అది మేలే. పిల్లలపై లైంగికనేరముల విషయమున అది చెల్లదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము ఫోనుద్వారా పిల్లల వెంటబడి వేధించుటయు, వారికి అసభ్యచిత్రములు చూపుటయు నేరములే. అట్టిది జరిగినదని తెలిసినవా రెవరైనను పోలీసులకు తెలుపవలయును, తెలుపకుండుటయే శిక్షార్హము. స్టేషనులో పసిపిల్లను నిలబెట్టుదురేమో యని జంకనక్కఱలేదు. పిల్ల మాటను ఇంటిదగ్గఱనో, పిల్ల కోరినచోటనో, సాధ్యమైనంతవఱకు స్త్రీ అధికారి వ్రాసికొనవలయునని, ఆ సమయమున పోలీసుదుస్తులు ధరింపరాదని, రాత్రివేళ పిల్లను స్టేషనులో ఉంచరాదని ఆ చట్టములోనే యున్నది. పిల్ల పేరు పత్రికలలో వెల్లడింపరాదు. ఇవి తెలిసిన పెద్ద ఒక్కడు ఊరిలో నున్న ఆ తల్లిదండ్రులకు ఎంత ధైర్యము!

ఇతరదేశములవారు ఏమి చేయుచున్నారని అడుగుదురేమో. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదునాఱేండ్లు నిండనివారికి ముఖ్యమైన సాంఘికమాధ్యమములలో ఖాతాలు నిషిద్ధములు. మన పార్లమెంటు 2023లో చేసిన చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములు సేకరింపవలెనన్న తల్లిదండ్రుల అనుమతి కావలయునన్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. మంచివే. కాని మన పిల్లవాడు తండ్రి ఖాతాలోనే తిరుగుచున్నాడు. తల్లిదండ్రుల అనుమతి అడిగెడి గుర్తు తెఱమీదికి వచ్చినప్పుడు దానిని తండ్రి తరఫున నొక్కువాడును వాడే. కరణము చేతిలో వ్రేలిముద్ర పెట్టె యున్నంతకాలము కాగితమేమి చేయగలదు?

అందుచేత ఆ పెట్టెను వానినుండి మెల్లగా పుచ్చుకొనవలయును. చదివి చెప్పుమనుడు, నేర్పుమనుడు. మనుమనియొద్ద నేర్చుకొనుటలో చిన్నతనము లేదు, వానికి సంతోషమును. పిన్ను మాత్రము మీ వ్రేలితో మీరే నొక్కుడు, ఇప్పుడున్నది మార్చుకొనుడు. ‘ఇది నొక్కవచ్చునా’ అని వాడు మిమ్ము అడుగవలయును గాని, మీరు వానిని అడుగరాదు.

బడి విషయమున మీకు అధికారమే కలదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్యసంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలయును, సగము స్త్రీలు. మన రాష్ట్రమున 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశములు బడులన్నిట జరిగినవి. అట్టి సభ మరల జరిగినప్పుడు మార్కులను గుఱించి అడిగిన పిమ్మట, చీటీల గంపలను గుఱించి కూడ అడుగుడు. గుంపులో పిల్లల ఫోటోలు పెట్టుటకు ముందు తల్లుల మాట పుచ్చుకొనుచున్నారా యని అడుగుడు.

సొమ్ము పోయినచో 1930 అను సంఖ్యకు ఆ గంటలోనే ఫోను చేయవలయును. దొంగ తీసికొనకముందు బ్యాంకులో దానిని నిలుపుటకు వీలుండును. పిల్లలకు ఆపద యైనచో 1098. పగలు రాత్రి పలుకును, రుసుము లేదు, పిల్లలే చేయవచ్చును. ఈ రెండు సంఖ్యలను బడిగోడమీద మధ్యాహ్నభోజనపు పట్టిక ప్రక్కన, రెండవ తరగతి పిల్ల కంటికి అందునంత ఎత్తున, పెద్ద అంకెలతో వ్రాయింపుడు.