గోటి అలంకరణ పోటీలు – గ్రామ యువతుల జీవనోపాధి
(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము వినగానే కొందరు పెద్దలకు నవ్వు రావచ్చును. మురుగు కాలువలు, మంచినీరు, కొబ్బరి ధర, ఇన్ని సమస్యలుండగా గోళ్లకు రంగు వేయు పని పంచాయతీలో చర్చింపదగినదా యని వారడుగవచ్చును. ఒక ఆడపడుచు గౌరవముగా నాలుగు రూకలు సంపాదించుకొను మార్గమేదైనను పంచాయతీ చర్చింపదగినదే యని నా మనవి. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల కుద్దేశించిన 29 అంశములలో వృత్తివిద్య ఒకటి, స్త్రీ శిశు సంక్షేమము మరియొకటి.

ఈ కళ మనకు కొత్తది కాదు. గోరింట అను పేరులోనే గోరున్నది. ఆషాఢమాసమునను, అట్లతద్దికిని గోరింటాకు పెట్టుకొనని ఆడపిల్ల మన సీమలో అరుదు. సంక్రాంతి నెలలో చుక్క తప్పక ముగ్గు తీర్చు చేతికి గోటిపై సన్నని గీత గీయుట అసాధ్యము కాదు. పోటీయు మనకు కొత్తది కాదు. కనుమనాడు జగ్గన్నతోటకు తరలివచ్చు ప్రభలను చూడుడు. మా ఊరి ప్రభ తక్కువ కారాదను పట్టుదలయే గదా వెదురుబద్దలకును రంగుబట్టలకును అంతటి శోభ కూర్చినది! ఆ ప్రభల తీర్థమే 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా నడచినది.

మనకు ముచ్చటగా నున్నది ఇతర దేశములలో వృత్తిగా పెరిగినది. 1975లో వియత్నాము యుద్ధము ముగియగా అమెరికాకు శరణార్థులుగా వచ్చిన స్త్రీలను టిప్పీ హెడ్రెన్ అను సినిమా నటి కాలిఫోర్నియాలోని ఒక శిబిరములో కలిసికొన్నది. వారు ఆమె గోళ్ల అందమును చూచి ముచ్చటపడగా, ఆమె తన గోళ్లు దిద్దు నిపుణురాలిని రప్పించి, ఇరువదిమందికి ఆ పని నేర్పించినది. వారు పరీక్ష నిచ్చి లైసెన్సులు పొందిరి. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనగా, నేడు ఆ దేశమున ఈ వృత్తిలో నున్నవారిలో ఇంచుమించు సగము మంది వియత్నాము సంతతివారే.

ఇక పోటీల సంగతి. 1950లో స్పెయినులో మొదలైన వృత్తి నైపుణ్య పోటీ నేడు వరల్డ్ స్కిల్స్ అను పేర రెండేండ్ల కొకమారు ప్రపంచస్థాయిలో జరుగుచున్నది. తాపీ పని, వెల్డింగు, వంట మొదలగు విద్యలతోపాటు సౌందర్య చికిత్స కూడ అందొక విభాగము. ముఖసంరక్షణ, చేతులు పాదములు శుభ్రపరచుట, గోళ్లు తీర్చుట అందలి భాగములు. 2024లో ఫ్రాన్సులోని లియాన్ నగరమున జరిగిన పోటీలో భారతీయులు వివిధ విభాగములలో 4 కాంస్య పతకములు గెలుచుకొనిరి. ఈ పోటీకి మన దేశమున ఇండియా స్కిల్స్ పోటీలు మెట్లు. రాష్ట్రస్థాయి దాటి జాతీయస్థాయికి పోవలయును. చాలా విభాగములలో వయస్సు 22 ఏండ్లు మించరాదు. కావున ఆలస్యము పనికిరాదు. గోళ్ల కళకు మాత్రమే ప్రత్యేకించిన నెయిలింపియా వంటి అంతర్జాతీయ పోటీలును కలవు.

పోటీ వలన లాభము పతకము మాత్రమేనా? కాదు. పతకము ఒకరికే దక్కును. పాఠము అందరికిని దక్కును. ఇంట చెల్లెలి గోళ్లకు రంగు వేయునపుడు తప్పు పట్టువారుండరు. పోటీలో పరీక్షకురాలు పది గోళ్లును ఒకే పొడవున, ఒకే వంపున ఉన్నవా యని చూచును. ముదురు ఎరుపు రంగు చిన్న లోపమును సైతము దాచదు. చేతులు కడుగుకొన్నదా, పనిముట్లను క్రిమిరహితము చేసినదా, గోటి మొదటనున్న పొరను గాయపరచినదా, గడువులోపల ముగించినదా, ఎదుట కూర్చున్నవారికి నొప్పి కలిగించినదా యనునవన్నియు లెక్కకు వచ్చును. ఈ అలవాట్లే రేపు ఆమె దుకాణమునకు ఖాతాదారులను తెచ్చును. తాను చేసిన పనుల ఛాయాచిత్రములు, పోటీ ధ్రువపత్రము చేతనుంచుకొని పని అడుగు యువతి మాటకు బలముండును.

జాగ్రత్తలును చెప్పవలయును. కృత్రిమ గోళ్లకు వాడు ద్రవములు, జెల్లులు చర్మమునకు తగిలిన దురద, పుండ్లు కలుగవచ్చును. జెల్లు రంగులలో వాడు టి.పి.ఓ. అను రసాయనమును యూరోపు సమాజము 2025 సెప్టెంబరు 1 నుండి నిషేధించినది. గాలి ఆడు గది, చేతి తొడుగులు తప్పనిసరి. బూజు పట్టిన గోటికి రంగు పూసి కప్పక వైద్యునికడకు పంపవలయును. భారీ రుసుము వసూలుచేసి పాల్గొన్న వారందరికిని బహుమతులు పంచు పోటీలకు దూరముగా నుండవలయును.

ఈ విషయము కోనసీమకు ఏల ముఖ్యము? మన గ్రామముల నుండి ఎందరో స్త్రీలు కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. బిడ్డలను అమ్మమ్మలకడ విడిచి, అప్పుచేసి, దళారిని నమ్మి పోవువారి కష్టములు మీరెరుగనివి కావు. చేత విద్య గల స్త్రీ అమలాపురములోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో చిన్న పార్లరు పెట్టుకొని బిడ్డల కన్నుల యెదుట బ్రదుకవచ్చును. పోదలచినను, పనిమనిషిగా గాక వృత్తిదారుగా, నమోదైన ఏజెంటు ద్వారా, ఒప్పందము చదువుకొని పోవచ్చును. ధ్రువపత్రము ఉద్యోగమునకు హామీ కాదు గాని, బేరమున చులకన కాకుండ కాపాడును.

పంచాయతీలు చేయదగిన పనులు నాలుగు. మొదటిది: ఆషాఢములో గాని సంక్రాంతికి గాని ముగ్గుల పోటీతోపాటు గోటి అలంకరణ పోటీ పెట్టుడు. పరీక్షకులుగా ఊరి పెద్దలను గాక వృత్తి తెలిసిన స్త్రీలను పిలువుడు. శుభ్రతకు సగము మార్కు లుంచుడు. రెండవది: ఐ.టి.ఐ.లలో కాస్మెటాలజీ అను ఒక సంవత్సరపు శిక్షణ కలదు. అది సమీపమున ఎచ్చట నున్నదో, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణలు ఎప్పుడు జరుగునో విచారించి ప్రకటన పలకపై వ్రాయించుడు. మూడవది: ఇండియా స్కిల్స్ ప్రకటన వెలువడగానే అర్హులైన యువతుల పేర్లు నమోదు చేయించుడు. నాలుగవది: శిక్షణ ముగిసిన వారికి స్వయంసహాయక సంఘము ద్వారా గాని, 50,000 రూపాయల వరకు లభించు ముద్ర శిశు ఋణము ద్వారా గాని పెట్టుబడి సమకూర్చుటకు తోడ్పడుడు.

కుల వృత్తియని గాని, విలాసమని గాని ఈ పనిని చిన్నచూపు చూడవలదు. చేతిపనిని గౌరవించిన ఊరిలో చేతులు ఖాళీగా నుండవు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు తెచ్చి, మీ గ్రామమున ఆసక్తిగల యువతుల జాబితా నొకదానిని సిద్ధపరుతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.

జై హింద్!