మిషను ఆగింది, కిస్తీ ఆగలేదు
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి పొద్దుగాల బస్సెక్కి వచ్చినవాళ్లున్నరు కాబట్టి ఎక్కువసేపు మాట్లాడము.

మా సంఘంలో ఒక అక్క అప్పు తీసుకొని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొన్నది. పద్నాలుగో నెలలో లోపలి బోర్డు పోయింది. వారంటీ ఏడాదే. కంపెనీని అడిగితే ఆ మోడల్ బోర్డు ఇప్పుడు రాదు, కొత్త మిషను తీసుకోండి అన్నరు. కర్నూలుకు మోసుకుపోయినం. అక్కడి మెకానిక్ విప్పి చూసి, "చిన్న పార్టే అమ్మా, కానీ కంపెనీ బయటివాళ్లకు అమ్మదు" అన్నడు. పనొచ్చిన మనిషి, అయినా ఏం చేయలేకపోయిండు. అప్పటికి ఇంకా పది కిస్తీలున్నయి. మా అమ్మమ్మ తొక్కిన కుట్టు మిషను ఇప్పటికీ నడుస్తుంది, అది వేరే సంగతి.

కొన్న వస్తువుకు పార్టులు, రిపేరు వివరాలు దొరకాలి, నచ్చిన మెకానిక్‌తో బాగుచేయించుకోవాలి. దీన్నే మరమ్మతు హక్కు అంటున్నరు. యూరప్ దేశాలు 2024లో దీనికి చట్టం చేసుకున్నయి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. సాగు పనిముట్లు, ఫోన్లు, ఇంటి వస్తువులు, బండ్లు అందులో ఉన్నయి. అదే ఏడు డిసెంబర్ 24న రిపేరు వివరాల పోర్టల్ పెట్టిన్రు. ప్రత్యేక చట్టం మాత్రం ఇంకా రాలేదు.

షాపాయన మాతో, "మీరు వ్యాపారానికి కొన్నరు, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అన్నడు. మేమూ నిజమే అనుకున్నం. కాదు. సొంతంగా పనిచేసుకొని బతకడానికే కొన్న వస్తువైతే 2019 చట్టం మనకూ వర్తిస్తుంది. గొడవ మొదలైన రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు పెట్టాలి. వస్తువు 5 లక్షల లోపుదైతే ఫీజు లేదు. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిల్లు ఉండాలె. మా అక్క బిల్లు బియ్యం డబ్బాలో దొరికింది!

1915కు చెప్పినంక కంపెనీవాళ్లు ఫోన్ చేసి బోర్డు పంపుతమన్నరు. ఇంకా రాలేదు. కమిషన్‌కు పోవడానికి కాగితాలు సిద్ధం చేసి పెట్టినం. అప్పటిదాకా అక్క కిస్తీలో సగం మేమే తలా ఇంత వేసి కడుతున్నం.

మొన్న ఒక చెల్లె పిండి గిర్ని కోసం అప్పు అడిగింది. పార్టులు ఎన్నేళ్లు దొరుకుతయో బిల్లు మీద రాయించుకొని రా అన్నం. షాపాయన రాయనన్నడు. ఆమె ఇంకో షాపుకు పోయింది.