మిస్సమ్మలో మాట్లాడని ముఖాలు



'మిస్సమ్మ' మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరికి సగం సంభాషణలు కంఠతా వచ్చి ఉంటాయి కూడా. ఈసారి టీవీలో వచ్చినప్పుడు నా మాట మన్నించి ఒక పని చేయండి. మాట్లాడేవాళ్లను కాసేపు వదిలేసి, వినేవాళ్ల ముఖాలు చూడండి. ఆ సినిమాలో హాస్యమంతా అక్కడే ఉంది.

కథ మీకు తెలిసిందే. అప్పాపురం జమీందారు గోపాలం తన బడికి బి.ఏ. ప్యాసైన భార్యాభర్తలు కావాలని పత్రికలో ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేని బాలు, అప్పిచ్చిన డేవిడ్ బాకీ తీర్చాల్సిన మేరీ మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని చేరిపోతారు. మేరీ క్రైస్తవుల ఇంట పెరిగిన పిల్ల, పైగా కోపం ముక్కు మీదుంటుంది. జమీందారు దంపతులేమో చిన్నప్పుడు తప్పిపోయిన పెద్ద కూతుర్ని తలుచుకుంటూ ఈ పంతులమ్మను సొంత బిడ్డలా చూసుకుంటారు. ఆ ప్రేమే ఆమెకు ఊపిరాడనివ్వదు. కథకు మూలాలు బెంగాలీలో ఉన్నాయి: రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్', దానికి తోడు శరదిందు బందోపాధ్యాయ 'డిటెక్టివ్'. రచయిత, నిర్మాత అయిన మన తెనాలి చక్రపాణి గారి చేతిలో పడ్డాక అది అచ్చంగా తెలుగిళ్ల కథైపోయింది.

వేషం వేసుకుని ప్రేమలో పడే కథలు లోకమంతటా ఉన్నాయి. చెక్ దేశంలో 1939లో మార్టిన్ ఫ్రిచ్ తీసిన 'క్రిస్టియన్'లో ఓల్డ్‌రిఖ్ నోవీ ఒక ట్రావెల్ ఏజెన్సీ గుమాస్తా. నెలకోసారి దర్జాగా ముస్తాబై, ఖరీదైన బారులో గొప్పవాడిలా చలామణీ అవుతాడు. ఆ వేషం ఒక్క రాత్రికే. బాలు, మేరీలకు పొద్దున లేచింది మొదలు వేషమే. ఎవరు ఎటునుంచి వస్తారోనని క్షణక్షణం ముఖం సర్దుకుంటూ ఉండాలి. మంచి నటులకు అంతకంటే ఏం కావాలి?

మేరీగా సావిత్రిని చూడండి. జమీందారు వేషంలో ఎస్వీ రంగారావు గారు ఆప్యాయంగా ఏదో అంటుంటారు. పెద్దాయన వైపు చూస్తున్నంతసేపూ ఆమె పెదవుల మీద మర్యాద ఉంటుంది. చూపు బాలు మీదకు మళ్లగానే మూతి బిగుసుకుంటుంది. రెండింటికీ మధ్య పట్టే వ్యవధి చాలా తక్కువ. కథ నడిచేకొద్దీ ఆ కోపం రంగు మారుతుంది. జమీందారు చిన్న కూతురు సీతకు బాలు సంగీతం నేర్పుతుంటే మేరీకి మండుతుంది. మొదట్లో వచ్చిన కోపం, ఈ కోపం ఒకటి కావు. ఇప్పటిది అసూయ. ఆ సంగతి ఆమె నోటితో ఒప్పుకోదు, కళ్లు చెప్పేస్తాయి. మన సినిమాల్లో ఒక ఆడపిల్ల మనసు మారడాన్ని ఇంత ఓపిగ్గా చూపించినవి చాలా తక్కువని నా నమ్మకం.

మేరీ వేషం మొదట భానుమతి గారిది. కొన్ని రీళ్లు తీశాక చక్రపాణి గారితో మాట తేడా వచ్చి ఆమె తప్పుకున్నారు. అప్పటిదాకా సీత వేషం వేయాల్సిన సావిత్రి మేరీ అయ్యారు. సీత వేషం జమునకు వెళ్లింది.

ఈ నటులు ఎక్కడివాళ్లో ఒకసారి తలుచుకుందాం. సావిత్రిది బెజవాడ నుంచి కృష్ణకు అవతల ఉన్న చిర్రావూరు. నాట్యం నేర్చిందీ, నాటకాలాడిందీ బెజవాడలోనే. జమున పెరిగింది దుగ్గిరాలలో. రంగారావు గారు పుట్టింది నూజివీడులో. బాలు వేషం వేసిన నిమ్మకూరు రామారావు గారు బెజవాడ ఎస్సారార్ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారి నాటకంలో నాగమ్మ వేషం వేశారు. మీసం తియ్యనని పట్టుబట్టి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. గుడివాడ ప్రాంతంలో ఆడవేషాలు వేస్తూ పేరు తెచ్చుకున్న నాగేశ్వరరావు గారిని నిర్మాత ఘంటసాల బలరామయ్య గారు చూసింది మన బెజవాడ రైల్వే స్టేషన్‌లో.

వీళ్లలో చాలామంది స్టేజీ మీద ఆరితేరినవాళ్లే. స్టేజీ మీద గొంతు ఆఖరి వరస దాకా వినపడాలి, చెయ్యి అక్కడిదాకా కనపడాలి. మరి ఇంత మెత్తటి నటన ఎలా వచ్చింది? దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి వల్ల అంటాను. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లి, మూకీల రోజుల్లోనే సినిమాల్లో అడుగుపెట్టారాయన. మూకీలో నటుడికి మాట లేదు, ఉన్నదల్లా ముఖమే. ఆ తర్వాత హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లోనూ ఆయన నటించారు. దర్శకుడయ్యాక సీను తానే నటించి చూపించేవారు. 'మిస్సమ్మ'లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఊరికే నిలబడి ఉండరు. అది ఆయన చలవే.

వెన్నెల పాట దగ్గర కాసేపు ఆగండి. పింగళి నాగేంద్రరావు గారి మాటలు, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ, ఏ.ఎం. రాజా, పి. లీల గొంతులు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేస్తారు. ప్రేమ అన్న మాటే రాకుండా సాగే ప్రేమపాట అది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలను దీపాలతోనే కాయించారు. ముఖాల మీద వెలుగు ఎంత పలచగా పడిందో చూడండి. రామారావు గారు ఒక్క కండరం కూడా బిగించరు. 'పాతాళభైరవి'లో కత్తి పట్టి సాహసాలు చేసిన మనిషి, ఇక్కడ ఆమెను గెలవనిస్తూ నవ్వుకుంటారు.

నాగేశ్వరరావు గారు మాత్రం గొంతు పెంచుతారు, పెంచాలి కూడా. 1953లో 'దేవదాసు' తర్వాత విషాద నాయకుడన్న ముద్ర పోవాలని ఆయనే కోరి తీసుకున్న హాస్య వేషం ఇది. మేనమామ కూతుర్ని వెతికే డిటెక్టివ్ రాజు. కూతురికి కుడిపాదం మీద పుట్టుమచ్చ అన్నదే ఆనవాలు. కాబట్టి పాపం, ఆడవాళ్ల కాళ్ల వైపు చూడక తప్పదు! రాజు ఎంత గంభీరంగా ఉంటే మనకు అంత నవ్వొస్తుంది. తాను హాస్యగాణ్నని అతనికి తెలియదు.

సినిమా 1955 జనవరి 12న విడుదలైంది. అదే కథ అప్పుడే తమిళంలో 'మిస్సియమ్మ'గా, 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా వచ్చింది. మూడింటికీ దర్శకుడు ప్రసాద్ గారే. తమిళంలోనూ మేరీ సావిత్రే, హిందీలో మీనాకుమారి. డిటెక్టివ్‌గా తమిళంలో తంగవేలు, హిందీలో కిశోర్‌కుమార్. దొరికితే ఒకే సీనును మూడింటిలోనూ వరసగా చూడండి. జమున మూడింటిలోనూ సీతే. ఎదుటి నటులు మారినప్పుడు ఆమె వినే తీరు ఎలా మారిందో గమనించండి.