మదురై జైలు తర్వాత



దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి స్మారకోపన్యాసం అనగానే రాజ్యాంగ సభ గురించో, ప్రణాళికా సంఘం గురించో వినడానికి మీరు సిద్ధపడి వచ్చి ఉంటారు. నేను మాత్రం మదురై జైలు దగ్గర ఆగుతాను. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే ఆమె జీవితంలో చూడవలసిన చోటు అదే.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో దిగి, 1930-33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. అందులో మదురైది ఒంటరి ఖైదు. చుట్టుపక్కల హత్యానేరాల మీద శిక్ష పడ్డవాళ్లు. బయటికి వచ్చేసరికి ఆరోగ్యం చితికిపోయింది, నరాలు దెబ్బతిన్నాయి. ఈ సంగతిని మనం గబగబా దాటేయకూడదు. ఆ గది ఆమెను కుంగదీసింది. అలాంటి గదుల్లో మగ్గి మళ్లీ కోలుకోనివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు గుండె నిబ్బరం చాలలేదనడం అన్యాయం.

మరి ఆమెను నిలబెట్టిందేమిటి? జైళ్లలో తారసపడ్డ ఆడవాళ్లు. చదువు రాదు, చట్టం తెలియదు. కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియక, ఎవరో చేసిన నేరానికి శిక్ష అనుభవిస్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ గోడు విన్నాకే లా చదవాలన్న పట్టుదల పుట్టింది. తన బాధ తనకు కొండంత ఉన్నా, ఆమె చూపు పక్కమనిషి మీదికి పోయింది. గట్టితనానికి మొదలు అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ తర్వాతిదంతా చాకిరీ. ఇంగ్లీషు చదువు వద్దని చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, పాతికేళ్ల ప్రాయంలో పుస్తకాలు ముందేసుకొని బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టారు. వాల్తేరులో బి.ఏ. చేరబోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆమె వెనక్కి రాలేదు. చదవాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలుంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. రాసినవాళ్లను కూడగట్టారు. అంతా కలిసి హాస్టల్ పెట్టుకున్నారు! ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. 1942లో మద్రాసులో లా పూర్తయింది.

తాను పడ్డ కష్టమే తనను ఇంతదాన్ని చేసిందని ఆమె అనుకొని ఉంటే, తర్వాతి ఆడపిల్లల్నీ ఆ దారినే నడవమనేవారు. ఆమె మాత్రం ఆ దారిని బాగుచేశారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభలో బాలికలను ఆ బెనారస్ మెట్రిక్కుకే తయారు చేయించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను రెండేళ్లలో పరీక్షకు తయారుచేసే కోర్సులను ఆ బోర్డు 1958 నుంచి దేశమంతటా నడిపింది. పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు ఆ తరగతుల్లో చదివి టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు.